హేమ గుమ్మం మీది చీటీ

నోరున్న మనిషి లక్ష్మణమ్మ. చేపల గంప దించిందంటే బేరమాడేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాల్సిందే. అలాంటి మనిషి పది నెలలుగా తోడికోడలు హేమ ఇంటి ముందు తలెత్తకుండా నడుస్తోంది. ఆ గుమ్మం మీద అంటించిన చీటీ చూడలేక.

ఆ చేపల రేవులో పది పన్నెండు ఇళ్లవాళ్లు ప్రభువును నమ్ముకున్నారు. జనవరి ఒకటిన పొద్దుటి ఆరాధన అయ్యాక బైబిలు వాక్యాలు రాసిన చీటీలున్న స్టీలు డబ్బా వరసలో తిరుగుతుంది. ఇంటికొకటి. ఏ వాక్యం వస్తే ఏడాదంతా ఆ ఇంటికి అదే వాగ్దానమని పాస్టరుగారు చెబుతారు. నిరుడు లక్ష్మణమ్మకు సమృద్ధి గురించిన మాట వచ్చింది. ఆ ఏడు వలలు లాగలేనన్ని చేపలు పడ్డాయి. ఇక ఆమె నమ్మకానికి అడ్డేముంది?

ఈసారి పాస్టరుగారు క్రీస్తు గురించి ముందే చెప్పిన ప్రవచనాలు ఏరి రాయించారు. లక్ష్మణమ్మ తన అయిదో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివింది. కాపరి మీద దెబ్బ పడుతుందట, మంద చెదిరిపోతుందట. ఆమె మొగుడు గంగులు పడవకు పెద్ద. ఆరుగురు అతని మాట మీద సముద్రంలోకి పోతారు. కాపరంటే అతనేననుకుంది ఆమె. ఎవరూ చూడకుండా చీటీ మడిచి డబ్బాలో పడేసి ఇంకోటి తీసుకుంది. తర్వాత చెయ్యి పెట్టింది హేమ. ఆమెకు అదే వచ్చింది.

హేమకు చదువు రాదు. పాస్టరుగారే చదివి, "భయపడకమ్మా, ఇది యేసయ్య గురించి జెకర్యా ప్రవక్త ఎప్పుడో చెప్పిన మాట. ఆయన్ను పట్టుకున్నప్పుడు శిష్యులు పారిపోయారు కదా! మన బదులు ఆ దెబ్బ ఆయనే తిన్నాడు. జరిగిపోయింది" అన్నారు. హేమ మురిసిపోయి గుమ్మానికి అంటించుకుంది. జరిగిపోయినదాన్ని ఇంటింటికీ పంచడమెందుకని లక్ష్మణమ్మ అడగలేదు. అడిగితే తన దొంగపని బయటపడుతుంది.

హేమ మొగుడు దేవేంద్ర గంగులుకు తమ్ముడు. లక్ష్మణమ్మ చేతి ముద్దలు తిని పెరిగినవాడు. ఇప్పుడు అతనూ ఒక పడవకు పెద్ద.

అక్టోబరులో ఒకరోజు రెండు పడవలూ వేటకెళ్లాక గాలి తిరిగింది. మధ్యాహ్నానికే సముద్రం నల్లబడింది. ఒడ్డున ఆడవాళ్లు గుమిగూడారు. హేమ ఒక్కతే నింపాదిగా ఉంది.

"మా గుమ్మం మీద దేవుడి మాటున్నాది కదక్కా, నాకేటి భయం?"

లక్ష్మణమ్మ ఇక దాచుకోలేకపోయింది. "అది నాకొచ్చిన సీటీయే, హేమా. మా ఆయనకేటవుతాదోనని మళ్లీ డబ్బాలో యేసీసినాను. నీ సేతికొస్తాదనుకోనేదు."

హేమ ఆమె మొహంలోకి చూసింది.

"యేసయ్య తనంతట తనే దెబ్బకి నిలబడ్డాడన్నారు. మా ఆయన్ని నువ్వు నిలబెట్టీసినావా అక్కా?"

దూరాన వాన తెరలోంచి పడవ ఒకటి బయటికొచ్చింది. ఎంతసేపు చూసినా దాని వెనక రెండోది లేదు. అది గంగులుదే కావాలని ప్రార్థించబోయింది లక్ష్మణమ్మ. పక్కనే హేమ వెక్కి ఏడవడం వినిపించి, జోడించిన చేతులు విడిపోయాయి.