రెండు కంప్యూటర్లకూ ఒకే నంబరు

మొన్న మధ్యాహ్నం మా డెస్క్‌టాప్‌లో నెట్ ఆగిపోయింది. ఈ వయసులో నాకు దానితో పనేమిటంటే కరెంటు బిల్లు కట్టడం, కూతురి ముఖం చూడటం, మా ఆయనకు పాత పాటలు పెట్టడం, అంతే. మూలన ఉన్న గుర్తు నొక్కితే చుట్టుపక్కల ఇళ్ళ వైఫై పేర్లన్నీ వరసగా వచ్చాయి, ఒక్కోదాని పక్కన చిన్న తాళం బొమ్మ. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా బలంగా కనిపించింది మా మరిది పేరు. బలంగా ఉండక ఏం చేస్తుంది, మాకూ వాళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆ గోడ ఎందుకు లేచిందో చెబితే మా ఈడువాళ్ళకే అర్థమవుతుంది, పెద్ద డబ్బాల్లాంటి మానిటర్లూ మేడ మీద లాగిన నీలం కేబుళ్ళూ చూసినవాళ్ళు మీరేగా.

వ్యాసర్పాడిలో ఈ ఇల్లు కట్టింది మా మామగారు. రైల్వే యార్డులో పనిచేసి రిటైరైన మనిషి, మాట తక్కువ, కానీ ఒక్క విషయంలో మాత్రం చండశాసనుడు: ఇద్దరు కొడుకుల మధ్య ఏదీ తేడా రాకూడదు. దీపావళికి ఇద్దరికీ ఒకే తాను గుడ్డ, ముందు వాటాలో నాకు ఏ గ్రైండరు పెట్టారో వెనక వాటాలో తోటికోడలికీ అదే గ్రైండరు. పంపకాల దగ్గర ఆయన చిన్నాన్నలు కత్తులు దూసుకోవడం చిన్నతనంలో కళ్ళారా చూశారట, ఆ భయం చచ్చేదాకా పోలేదు. మేం కోడళ్ళిద్దరం చాటుకు పోయి నవ్వుకునేవాళ్ళం గానీ, నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి గట్టిగా ఒక మాట లేచింది లేదు.

మా ఆయన ఎన్నూరు హార్బరులో సరుకు విడిపించే ఏజెన్సీలో పనిచేసేవారు. కాగితాలు ఇంటి నుంచి పంపాల్సి వస్తుందని ముందు ఆయన కంప్యూటరు కొన్నారు. మరిది టి. నగర్ చీరల కొట్లకు అంచుల డిజైన్లు గీసేవాడు, ఆ చేతిలో పెన్ను పడితే హంసలు బారులు తీరేవి. అతనూ అలాంటిదే కొన్నాడు. మా గదిలోని మోడెం నుంచి మేడ మీదుగా అతని గదికి కేబులు లాగారు. నెట్‌లో ఉన్న ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరుండాలి, ఇంటికి డోరు నంబరు ఉన్నట్టు. మా దానికి ఆ నంబరును మా ఆయన చేత్తోనే కొట్టి పెట్టుకున్నారు. తమ్ముడి దానికి పెట్టేటప్పుడు మామగారు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు.

“పెద్దోడికి ఏముందో చిన్నోడికీ అదే ఉండల్ల. ఒక్కటి గూడా మారగూడదు,” అన్నారు.

మా ఆయన తన స్క్రీన్ మీద ఉన్నది ఉన్నట్టు, నంబరుతో సహా, తమ్ముడి దాంట్లో కొట్టారు. రెండింటికీ పాస్‌వర్డు కూడా ఒకటే, యార్డులో మామగారి హాజరు బిళ్ళ మీది టోకెన్ నంబరు. పెద్దాయన తృప్తిగా తలాడించి కాఫీ అడిగారు. ఆ ఏడాదే పోయారు పాపం, తను పెట్టించిన చిచ్చును చూడకుండానే.

ఒకే నంబరున్న రెండు కంప్యూటర్లు ఒకే లైనులో బతకలేవని మాకెవరికీ తెలియదు. ఒకటి వెలిగితే రెండోదానికి నెట్ పోయేది. ఇంకో కంప్యూటరుతో తగాదా అని మూలన ఇంగ్లీషులో చిన్న కబురు వచ్చేది, దాన్ని చదివి, తమ్ముడు తన లైను లాగేసుకుంటున్నాడనడానికి సాక్ష్యం దొరికిందన్నారు మా ఆయన. అవతల మరిదికీ అదే సాక్ష్యం దొరికింది. కాగితాలు వేళకు పోక మా ఆయన ఆఫీసులో అందరి ముందూ తిట్లు తిన్నారు, ఇంటికి వచ్చి మౌసును గోడకేసి కొట్టారు. డిజైన్లు అందక మరిదికి ఒక పెద్ద కొట్టు చేయి జారింది, ఆ సాయంత్రం వెనక వాటాలో గాజు గ్లాసులు పగిలిన చప్పుడు వింటూ నేను అన్నం కలుపుతున్నాను. మా ఆయనంటే నాకు మొదటిసారి భయం వేసింది ఆ మౌసు పగిలిన రోజే. తెల్లారకముందే లేచి ముందుగా స్విచ్ వేయడానికి పోటీలు పడ్డారు ఇద్దరూ. నేనూ తోటికోడలూ పెరట్లో ఎదురుపడితే తలలు దించుకునేవాళ్ళం.

ఆదివారం పట్టపగలు. నెట్ పోగానే మా ఆయన గడ్డపార పట్టుకుని మేడెక్కారు, వెనకే నేను. కేబులు అతుకు దగ్గర మరిది వంగి ఉన్నాడు, అతని నెట్ కూడా పోయి చూసుకోవడానికే వచ్చాడని తర్వాత తెలిసింది.

“లైను పీకతా ఉండావా రా?” అని అరిచారు ఈయన.

“డేయ్, పీకతా ఉండేది నువ్వు!” అన్నాడు మరిది. అన్నా అని తప్ప పిలవని నోరు అది.

ఆ ఒక్క పిలుపుతో మా ఆయన అతని మీద పడ్డారు. మరిది ఊడిన కేబులు ఆయన మెడకు చుట్టి బిగించాడు. ఆయన ముఖం నల్లబడింది, నాలుక బయటికి వచ్చింది, గుడ్డిగా గడ్డపార ఊపారు. కేబులు బిగబట్టి నీళ్ళ తొట్టి అంచుకు ఆనించిన మరిది కుడిచేతి మీద పడింది ఆ దెబ్బ. ఎముక విరిగిన ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. తొట్టి గోడంతా రక్తం. నేను గడ్డపార మీద పడ్డాను, తోటికోడలు మొగుడి నడుం పట్టుకుని లాగింది, ఆయన గొంతు మీద కేబులు కోసిన గీత, కింద వీధిలో జనం.

మరిదిని ఆసుపత్రిలో పడుకోబెట్టాక తోటికోడలు బట్టల కోసం ఇంటికి వచ్చింది. ఎవరు లైను పీకారో తేల్చాలని ఇద్దరమూ కసిగానే కంప్యూటర్లు పెట్టాం. నా స్క్రీన్ మీద నంబరు నేను చదివాను, అవతలి గదిలోంచి తను తన నంబరు చదివింది. ఇద్దరి గొంతులూ ఒకేచోట ఆగిపోయాయి. నేను చివరి అంకె మార్చి, మేడ మీద ఊడిన కేబులు తగిలించి వచ్చాను. రెండింటిలోనూ నెట్ వచ్చింది. తను గుమ్మంలో కూలబడి, “ఇంతేనా అక్కా?” అని ఏడ్చింది.

సంగతి చెప్పగానే మా ఆయన అదే గడ్డపారతో తన కంప్యూటరును ముక్కలు ముక్కలు చేసి, ఆసుపత్రికి వెళ్ళారు. మరిది ముఖం తిప్పుకున్నాడు. చేతికి కట్టు ఉండగానే గోడ కట్టించాడు, పైన సీసా పెంకులు గుచ్చి. ఆ వేళ్ళు మళ్ళీ పెన్ను పట్టలేదు, ఇప్పటికీ చొక్కా గుండీలు తోటికోడలే పెడుతుంది.

మొన్న ఆ తాళం బొమ్మ చూస్తూ ఎందుకో మామగారి టోకెన్ నంబరు కొట్టాను. తాళం తెరుచుకుంది. ఇన్నేళ్ళయినా అతను దాన్నే పెట్టుకున్నాడు. పక్క కుర్చీలో ఉన్న మా ఆయన అది చూసి గభాలున లేచి ప్లగ్గు మీద పడ్డారు.

“తియ్, తియ్! ఈడ పెడితే ఆడ వాడికి పోతాది!”

ఇప్పుడు ఆ వైఫై పెట్టే ఎవరి నంబరు వాళ్ళకు పంచుతుందనీ, ఒకరికి పెడితే ఇంకొకరికి పోదనీ ఎంత చెప్పినా నమ్మలేదు. వాళ్ళకు నెట్ వస్తా ఉందో లేదో పోయి అడిగి రమ్మన్నారు. గోడ దగ్గరికి వెళ్ళి తోటికోడల్ని కేకేశాను. వస్తా ఉంది అక్కా, అంది అవతల నుంచి. ఆ మాట చెప్పాకే ఆయన మళ్ళీ కూర్చున్నారు. చాలాసేపు ఆ స్క్రీన్ మీది తమ్ముడి పేరునే చూస్తూ ఉండిపోయారు.

మా నెట్ మర్నాడే బాగయింది. కానీ ఆ పేరును తీసేయనివ్వలేదు ఆయన. ఇప్పుడు ఇంట్లో ఎన్ని కంప్యూటర్లున్నా, ఎన్ని ఫోన్లున్నా ఎవరి నంబరు ఏదో ఎవరికీ తెలియదు, తెలుసుకునే పనీ లేదు. అన్నీ వేరువేరుగా ఉండి ఒకే లైనులో హాయిగా బతుకుతున్నాయి. ఆ పాటి తెలివి ఆ రోజు మాలో ఒక్కరికి ఉన్నా, మా మరిది చేతిలో ఇప్పటికీ హంసలు బారులు తీరుతూ ఉండేవి.