తాటిమట్ట పీకేసిన మధ్యాహ్నం

తుఫాను వస్తోందని ఆరోజు పన్నెండింటికే ఆఫీసు మూసేశారు. ఆఫీసు బాపట్లలో, నా గది రేపల్లెలో. ఈపూటకి బాపట్లలోనే ఉండిపొమ్మని మేనేజరు చెప్పాడు, కింద టీ కొట్టాయన చెప్పాడు, తెనాలి నుంచి పిన్ని ఫోన్ చేసి మరీ చెప్పింది. పిన్ని చెప్పిన తీరుకే నాకు మండింది.

"హైదరాబాదులో పెరిగినదానివి, ఇక్కడి గాలివాన సంగతి నీకేం తెలుసే? ఎవరింట్లోనన్నా పడుకో."

"ఎవరింట్లో పడుకోవాలి పిన్నీ? నాకిక్కడ ఎవరున్నారు?" అని పెట్టేశాను.

కోపంలో అన్నా అది నిజమే. ఆ ఆఫీసులో చేరి ఏడు నెలలైనా ఒక్కరి ఇంటి గడప తొక్కలేదు. పక్క సీటామె "మా ఇంటికి రారాదూ" అంది, హ్యాండ్‌బ్యాగు జిప్పు వేసుకుంటూ. "వద్దులెండి" అన్నాను. ఆమె రెండోసారి అడగలేదు. అడిగుంటే వెళ్ళేదాన్నేమో. రేపల్లెలో మా ఇంటి ఓనర్లు కూడా ముందురోజే తాళం వేసి చుట్టాలింటికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళేది ఖాళీ ఇంటికని తెలిసే స్కూటీ తీశాను.

దారిలో నగరం అనే ఊరు దాటాక చెట్టు పడి రోడ్డు మూసుకుపోయింది. బస్సులు, లారీలు వరసగా ఆగిపోయాయి. ఫోన్ తీస్తే కాలవ గట్టు మీదుగా ఇంకో దారి చూపించింది. బండి తిప్పుతుంటే లారీ క్యాబిన్‌లోంచి ఒకాయన అరిచాడు.

"అటెళ్ళమాకమ్మా! గట్టు మీద నీళ్ళెక్కినయ్."

"ఫోన్లో దారి ఉందండి."

"ఫోన్ తడవదుగా తల్లీ, తడిచేది నువ్వు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు లేకపోతే ఆగేదాన్నేమో. కావాలనే యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పి వెళ్ళిపోయాను.

గట్టు మీద నీళ్ళు చీలమండ లోతు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క మునిగిన వరిచేలు. రెండిటిదీ, మధ్యలో రోడ్డుదీ ఒకటే బురద రంగు. వాన చుక్కలు పడి ఫోన్ స్క్రీను దానంతటదే కదులుతోంది. దారిలో రెండుచోట్ల విరిగిన కొమ్మలు అడ్డం పడి ఉంటే దిగి ఈడ్చి పారేశాను. రెండోదానికి వేలు గీరుకుంది. పళ్ళు కొరుక్కుంటూ ఇంకాస్త ముందుకు వెళ్తే, రోడ్డుకి ఎడమ సగంలో తాటిమట్ట ఒకటి నిలువుగా కనపడింది.

దగ్గర్లో ఒక్క తాడిచెట్టు లేదు. గాలికి ఎగిరొచ్చిన మట్ట నిటారుగా ఎలా నిలబడుతుందని కూడా అనుకోలేదు. రెండు చేతులా పట్టుకుని, తిట్టుకుంటూ, బలంగా లాగాను. ఊడొచ్చింది. కాలవలోకి విసిరేశాను. తిరిగి బండి దగ్గరికి ఒక్క అడుగు వేశానో లేదో, కాలు తొడ దాకా దిగిపోయింది.

బండి హ్యాండిల్ దొరికింది కాబట్టి బయటికొచ్చాను. రోడ్డు కింద తూము మీద మట్టి కుంగి గొయ్యి పడింది. లోపల నీళ్ళు కాలిని కిందికి లాగుతున్నాయి. అప్పుడు అర్థమైంది ఆ మట్ట ఏంటో. ఇక్కడివాళ్ళు నీళ్ళ కింద గొయ్యి ఉన్నచోట మట్టో కొమ్మో పాతి పెడతారు. అదే బోర్డు, అదే బారికేడు. కాలవలోకి చూస్తే మట్ట అప్పటికే చాలా దూరం కొట్టుకుపోయింది.

గుర్తుగా బండి నిలబెడదామంటే గాలికి స్టాండు ఆగక పక్కకి పడిపోయింది. అందరికీ పంపిద్దామని ఫోటో తీశాను. చూసుకుంటే ఫోటోలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. గొయ్యి కనపడదు.

చూసినవాళ్ళెవరూ లేరు. వెళ్ళిపోవచ్చు. బండి లేపి నాలుగు గజాలు నెట్టాను కూడా. ఎవరైనా పిల్లల్ని ఎక్కించుకుని వస్తే? అక్కడే వదిలేసి వెనక్కొచ్చి గొయ్యి పక్కన నిలబడ్డాను.

ఎంతసేపో తెలియదు. వాన చెంపల మీద గులకరాళ్ళలా కొడుతోంది. ఫోన్లో నాలుగు వందల నంబర్లున్నాయి. ఎవరికి చేసి ఏం చెప్పాలో తెలియలేదు. ఒక మొపెడ్ వచ్చింది. నడిపేది నడివయసాయన, వెనక ఆయన భార్య, ఒళ్ళో మూట.

"ఏంటమ్మాయ్, రోడ్డుకడ్డంగా! సెల్ఫీలా?"

"గొయ్యి ఉందండి. ఆ పక్కనుంచి వెళ్ళండి."

"మట్ట పెట్టారన్నారుగా పొద్దున?" అంది ఆమె.

"ఉంటే కనపడదా ఏంటి?" అంటూ ఆయన జాగ్రత్తగా దాటించాడు.

నేను కాలవ వైపు తిరిగాను.

తర్వాత తలమీద పట్టా కప్పుకుని, చేతికర్రతో నీళ్ళు పొడుస్తూ ఒక పెద్దాయన నడిచొచ్చాడు. కాలవ చూసుకునే లస్కరు. నన్ను చూడలేదు, నా పక్కన ఖాళీని చూశాడు.

"మట్టేదమ్మా?"

"గాలికి పోయినట్టుందండి."

"గాలికి పోయేట్టు నేను పాతను. రెండడుగులు దించా."

నా పిడికిలికి ఇంకా మట్ట పీచు అంటుకునే ఉంది. ఆయన దాని వంక చూస్తున్నాడు.

"నేనే పీకానండి. తెలియక."

"ఏ ఊరు?"

"హైదరాబాదండి."

"నీ చేతిలో ఫోన్ చూపించలా ఈ గొయ్యి?"

ఇంకెవరైనా అలా అంటే ఎగిరిపడేదాన్ని. పిడికిలికున్న పీచు దులుపుకున్నాను.

"ఎవరన్నా పడ్డారా?"

"లేదండి. అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నా."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. "నేనొచ్చేదాకా కదలమాక" అని వచ్చిన దారినే వెళ్ళాడు. చాలాసేపటికి భుజాన ఇంకో మట్టతో తిరిగొచ్చాడు. నేను పట్టుకుంటే ఆయన కర్రతో కొట్టి దించాడు. కదిపి చూసి, చాలక మళ్ళీ కొట్టాడు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి."

"తలుపులన్నీ గడేసుకో, కరెంటు మెయిన్ తీసెయ్. కిటికీ దగ్గర పడుకోమాక."

కర్రతో దారి చూసుకుంటూ ఆయన ముందు, బండి నెట్టుకుంటూ నేను వెనక. చివరికి తారు రోడ్డు తగిలింది. అక్కడ ఆయన వెనక్కి తిరిగాడు.

"మళ్ళీ అటేనా తాతా? ఈ గాలిలోనా?"

"ఆ వెనక ఇంకో రెండుచోట్ల కొమ్మలు పెట్టా. పొద్దున చూసొచ్చాను, ఇక చూడక్కర్లేదనుకున్నా." పట్టా తలమీదికి లాక్కున్నాడు. "నువ్వొచ్చింది ఆ దారినేగా?"

ఆ రెండు కొమ్మలూ నేనే తీశానని చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతికర్ర నీళ్ళలోకి దించి, పొడుస్తూ నడవడం మొదలుపెట్టాడు. నేనూ వస్తానన్నాను. గాలికి వినపడలేదో, అక్కర్లేదనుకున్నాడో, ఆయన వెనక్కి చూడలేదు.