అడ్డచారల చొక్కాతో పెళ్ళిచూపులు

నేను నలుపు. బక్కపలుచన, పైగా పొడుగు. కెలమంగలంలో మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. తట్టల్లో పురుగులు తెల్లగా, బొద్దుగా ఉండేవి. వాటికి ఆకు వేసే నేను మాత్రం ఆకులన్నీ దూసేసిన మల్బరీ కొమ్మలా ఉండేవాణ్ణి. ఇంటికొచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు ఆ పోలిక తేకుండా కాఫీ తాగేవాళ్ళు కాదు.

తొంభైల నడుమ, హోసూరులో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తుండగా క్రిష్ణగిరి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆదివారం పిల్లను చూడటానికి రమ్మన్నారు. పిల్ల ఎలా ఉంటుందోనన్న ఆలోచన నాకు రాలేదు. నేనెలా కనబడతానోనన్నదే బెంగ.

ఆ వారమే క్యాంటీన్లో ఒక పాత వారపత్రిక దొరికింది. నల్లవాళ్ళకు ముదురు రంగులు వద్దనీ, లేతవే నప్పుతాయనీ, సన్నటివాళ్ళు అడ్డచారలు వేసుకుంటే నిండుగా కనబడతారనీ అందులో రాశారు. నేను రెండు జాతులకూ చెందినవాణ్ణి కాబట్టి, రెండు సలహాలనూ ఒకే చొక్కాలో ఇరికించాలని తీర్మానించుకున్నాను.

బజారులో తెల్లటి గుడ్డ మీద నీలం చారలున్నది దొరికింది. చారలు నిలువుగా ఉన్నాయి.

"ఇవి అడ్డంగా రావాలన్నా," అన్నాను టైలరుతో.

"అడ్డం పెట్టి కట్ చేస్తే గుడ్డ సాలదప్పా. ఇంకొంచెం తెచ్చియ్యి."

తెచ్చిచ్చాను. దాని కిందికి నడుం దగ్గర మడతలున్న వదులు ప్యాంటు కుట్టించాను. ఆ రోజుల్లో అందరూ అలాంటివే వేసేవాళ్ళు. కాకపోతే వాళ్ళకు లోపల కాళ్ళు ఉండేవి.

ఆదివారం పొద్దున మా అక్క నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత పౌడరు డబ్బా తెచ్చి ముఖానికీ మెడకూ దండిగా పూసింది. "బాగుండావు నాయనా," అంది అమ్మ. ఈ ఒక్క విషయంలో అమ్మ మాట నమ్మకూడదని తెలిసినా నమ్మాను.

రాయకోట దాటేసరికి బస్సులో చెమటకు పౌడరు కరగడం మొదలైంది. "తుడుచుకోవద్దురా, చారలు పడతాయి," అని అక్క దారి పొడుగునా హెచ్చరిస్తూనే ఉంది. క్రిష్ణగిరిలో దిగేటప్పటికి తెలుపంతా మెడ మడతల్లోకి చేరింది.

వాళ్ళింట్లో మమ్మల్ని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. కిటికీ పక్క కుర్చీ నాది. పిల్ల నాన్న మా కంపెనీ గురించి అడుగుతుంటే నేను వీలైనంత వెడల్పుగా కూర్చుని జవాబులు చెబుతున్నాను. ఇంతలో పెరటి వైపు నుంచి పిల్ల అవ్వ వచ్చింది. చూపు సరిగా ఆనదు. గుమ్మంలో నిలబడి నా వైపు తేరిపార చూసింది.

"ఎవరమ్మా పరుపు తెచ్చి కుర్చీలో పెట్టినారు? తీసి లోపలెయ్యండి. మగపెండ్లివాళ్ళు యాడ కూర్చుంటారు?"

పిల్ల నాన్న లేచి మెల్లగా, "అమ్మా, అది పరుపు గాదు. పెండ్లికొడుకు," అన్నాడు.

అవ్వ నమ్మలేదు. దగ్గరికొచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుని గుడ్డను వేళ్ళతో నలిపి చూసింది. తర్వాత భుజం తడిమింది.

"గుడ్డ అదే కదప్పా. లోపల దూదే లేదు!"

అప్పుడే కాఫీ తెస్తున్న పిల్ల పగలబడి నవ్వింది. లోటాలు దొర్లి కాఫీ నేలపాలైంది. మా అక్క ముఖం ఎర్రబడింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. కానీ ఆ "దూది" మాట లోపల గిలిగింతలు పెడుతుంటే ఎంత బిగబట్టినా ఆగక నేనూ నవ్వేశాను. మేమెందుకు నవ్వుతున్నామో తెలియక అవ్వ కూడా నవ్వింది.

"ఏమన్నా అడగల్లంటే అడగమ్మా," అన్నాడు పిల్ల నాన్న, పరిస్థితి సర్దాలని.

"ఆ సొక్కా మీరే ఎంచినారా?" అని అడిగింది ఆ పిల్ల.

"అవును."

"ఇంక ఎంచొద్దండి."

తిరుగు బస్సులో అక్క నా మెడ మీది పౌడరు కొంగుతో తుడిచేసింది. సంబంధం తప్పిపోయినట్టే అనుకున్నాం. కొన్నాళ్ళకు వాళ్ళే సరేనని కబురు పంపారు. పెళ్ళయ్యాక కారణం అడిగాను. "మా అవ్వ మాటకి అంతకుముందు వచ్చినోళ్ళంతా కోపం చేసుకోని పోయినారు. మీరు పోలేదు," అంది. పోవడానికి నాకు కాళ్ళు ఆడలేదన్న సంగతి నేను చెప్పలేదు.

అప్పటినుంచి నా బట్టలు ఆమే ఎంచింది. పత్రిక వద్దన్న ముదురు రంగులన్నీ తెచ్చింది. కాఫీపొడి రంగు, ముదురు నీలం, దానిమ్మ తొక్క రంగు. కంపెనీలో ఇద్దరు ముగ్గురు బాగుందన్నారు. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, జూజువాడి చెక్‌పోస్టు దాటి బెంగళూరులో ఒక పెద్ద బట్టల షాపుకు వెళ్ళాం. అక్కడ చొక్కా వేసుకుని చూసుకునే గదికి మూడు వైపులా అద్దాలు. నన్ను నేను వెనకనుంచి చూసుకోవడం అదే మొదలు. రంగు గురించీ బక్కతనం గురించీ ఇన్నేళ్ళు నేను కుమిలిపోతుంటే, నడినెత్తిన జుట్టు చెప్పకుండా వెళ్ళిపోయింది.

తలుపు సందులోంచి ఆమెను పిలిచి చూపించాను.

"అదా? అది పోయి శానా నాళ్ళాయ," అంది ఆమె, కాలరు సరిచేస్తూ. "మీకిప్పుడు తెలిసిందా?"