వ్యాను రాకముందే తిన్న అన్నం

తమిళనాడు కోవిల్‌పట్టిలో మా పక్కింటి రాజమ్మాళ్ అక్క కూతురు సుగన్య టపాసుల కంపెనీలో పని చేస్తుంది. పోయిన ఏడు నా భర్త అక్కడే, టపాసుల్లో మందు కూరే గది పేలి పోయాడు. సాయంత్రం సుగన్య కంపెనీ వ్యాను దిగేదాకా అక్క మెతుకు ముట్టేది కాదు. చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాక మధ్యాహ్నమే కంచం ముందు కూర్చుంటోంది.

"బయం లేదా అక్కా?" అని ఒకరోజు ఆమె తింటుండగా అడిగాను.

"పొద్దున్నే బిడ్డను ఏసుసామి చేతిలో పెట్టేస్తినే. మళ్ళీ నేనెందుకు పట్టుకోవాల?"

"నేనూ సామికి మొక్కే కదక్కా మా ఇంటాయన్ని పంపితి?"

అక్క చేతిలో ముద్ద ఆగిపోయింది.

"అది నాకూ తెలీదే. దినమూ అడుగుతానే ఉండా, సామి ఇంకా చెప్పలా. నువ్వు తింటివా? దా, కూచో," అంటూ నాకూ కంచం పెట్టి, తన ముద్ద నోట్లో పెట్టుకుంది.

జవాబు దొరకని మనిషి అంత నిమ్మళంగా ఎలా తింటుందో నాకు అర్థం కాలేదు. అయినా చాలా రోజుల తర్వాత ఆకలేసింది. కూర్చున్నాను.