నేను దాటేసిన నాలుగు భాగాలు

మా ఇంటి కింద పోర్షన్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్న అన్నయ్యగారు గత నెలలో ఒక శనివారం ఉదయం ఆరూ పదికి పోయారు. గోడ గడియారం నేనే చూశాను కనుక సమయం కచ్చితంగా రాస్తున్నాను. ఆయన నాకు రక్తసంబంధీకులు కారు. వారిది పామర్రు వైపు పల్లెలో నేతపని చేసుకునే కుటుంబం. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. పటమటలో ఒకే ఇంట్లో పైనా కిందా కాపురాలు కావడం వల్ల అన్నయ్యగారయ్యారు.

ఇది చదివేవారిలో ఆయన్ని ఎరిగినవారు తక్కువ. ఆడియో పుస్తకాలు వినేవారిలో కొందరికి మాత్రం ఆయన అభిప్రాయాలు తెలిసి ఉంటాయి. మాయాలోకాల కథలు, గ్రహాల మీదికి వెళ్ళే కథలు ఆయన విని చెబుతుంటే నేను రాసుకుని యాప్‌లో పెట్టేదాన్ని. పేరు ఉండేది కాదు. 'పటమట శ్రోత' అని ఉండేది. ఆరేళ్ళలో అలా నూట పద్ధెనిమిది అభిప్రాయాలు పెట్టాం. వాటిలో చివరిది తప్పు. దాన్ని బట్టి కొందరు ఆయన వినకుండానే మాట్లాడారనుకున్నారు. ఆ తప్పు నాది. ఆయన మాటలు గుర్తు చేసుకోవడంతో పాటు ఆ సంగతి కూడా చెప్పాలని కూర్చున్నాను.

ఆయన ముప్పై ఏళ్ళు మగ్గం నేశారు. ఆ తరువాత చేనేత సొసైటీలో, నేసి తెచ్చిన గుడ్డను బల్ల మీద పరిచి లోపాలు చూసే పని చేశారు. బాగుంటే పాసు, చిన్న లోపముంటే సెకండ్సు, పెద్ద లోపముంటే వాపసు. నీటికాసుల జబ్బుతో చూపు పూర్తిగా పోయాక కూతురు ఇక్కడికి తీసుకొచ్చింది. ఆమె బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల కొట్టులో పని చేస్తుంది. పొద్దున తొమ్మిదింటికి వెళితే రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. అన్ని గంటలూ ఆయన ఒక్కరే ఉండేవారు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న మా మనవరాలు అప్పట్లో ఆయన ఫోన్‌లో ఆ యాప్ వేసి, ఎక్కడ నొక్కాలో వేలు పట్టుకుని నేర్పింది.

మా మొదటి మాట పోట్లాటే. సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. కింద నుంచి ఒక మాంత్రికుడు కేకలు పెడుతున్నాడు. మూడు రోజులు సహించి, నాలుగో రోజు దిగి వెళ్ళాను.

"అన్నయ్యగారూ, పైన ప్రార్థన జరుగుతోంది. కొంచెం తగ్గించండి."

"తప్పకుండా టీచరమ్మగారూ. రెండు నిమిషాలు ఆగండి. వాడు చచ్చేట్టున్నాడు, చావనీయండి."

ఆగాను. మాంత్రికుడు చావడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. గుమ్మంలోనే నిలబడి మొత్తం విన్నాను. ఆయన ఫోన్ ఆపి, "చూశారా, అంత మాయ తెలిసినోడు చివరికి మెట్టు జారి చచ్చాడు. ఇది పాసండీ" అన్నారు. మా ఇంట్లో ప్రార్థన నేను లేకుండానే అయిపోయింది. నా కోడలు ఆ సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. లేనిది ఉన్నట్టు చెప్పడం అబద్ధమని నా అభిప్రాయం. ఆ మాటే ఆయనతో అన్నాను. దానికి ఆయన, "మరి మీరు బళ్ళో ఎక్స్ అనుకుందాం అంటారు కదండీ, అదెక్కడుంది? లేనిదాన్ని పట్టుకునే కదా ఉన్నదాన్ని తేల్చేది" అన్నారు. నా దగ్గర చదివిన పిల్లలెవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

మామూలు కుటుంబ కథలు పెట్టుకోవచ్చు కదా అని ఇంకోసారి అడిగాను. "వాటిల్లో చీర రంగు చెప్తారు, పొద్దుగూకే రంగు చెప్తారు. అయ్యన్నీ నేను చూసినయ్యే. గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటది. ఈ లోకాలు ఎవరూ చూళ్ళేదు. అక్కడ కళ్ళున్నోడికీ నాకూ తేడా లేదు" అన్నారు. ఆ మాట తరువాత నేను ఆ ప్రశ్న మళ్ళీ వేయలేదు. మర్నాటి నుంచి నోటు పుస్తకం పట్టుకుని దిగేదాన్ని.

ఏ పుస్తకమైనా మూడుసార్లు వినాలన్నది ఆయన నియమం. ఒకసారి కథ కోసం, ఒకసారి చదివిన గొంతు కోసం, ఒకసారి లోపాల కోసం. వింటున్నంతసేపూ ఒళ్ళో తువ్వాలు పరుచుకుని దాని మీద వేళ్ళు జరుపుతూ ఉండేవారు. కథలో పొసగని చోటు వస్తే వేళ్ళు ఆగేవి. ఆ నిమిషం నేను రాసుకునేదాన్ని.

అంగారకుడి మీద ఊరు కట్టిన కథ ఒకటి విన్నాం. కాలువలు తవ్వారు, పంటలు వేశారు. "అన్నీ చెప్పాడు గానీ లాకులు ఎవరి చేతిలో ఉన్నయ్యో చెప్పలేదు. పైవాడు లాకు వెయ్యకుండా కిందోడి పొలానికి నీళ్ళెట్టా వస్తయ్? అక్కడ కొట్లాట లేకపోతే అది ఊరే కాదు. సెకండ్సు." కృష్ణా కాలువల కింద పుట్టినవాడు తప్ప ఈ లోపం ఎవరూ పట్టరు. మనిషి కావాలని తపించే మరమనిషి కథకు, "అంత పని చేతనైంది, మనిషై ఏం బావుకుంటుంది, మోకాళ్ళ నొప్పులా?" అన్నారు. రాక్షసుడి మాటలకు గొంతు బొంగురు చేసి చదివిన ఒకాయన్ని వాపసు చేశారు. "నేను చూసిన దుర్మార్గులందరివీ మెత్తని గొంతులే. కసిరేవాళ్ళు అన్నం పెట్టినవాళ్ళు" అన్నారు. ఆ రెండో వాక్యం నన్ను చూసి అన్నారో లేదో, ఆయనకు చూపు లేదు కనుక చెప్పలేను.

మాయకు కూడా కొలత ఉండాలనేవారు. ఎంత ఖర్చుకు ఎంత ఫలితమో తెలియని మంత్రం ఆయనకు నచ్చేది కాదు. వాక్యం వాక్యానికీ వెనక సంగీతం పెట్టేవాళ్ళను సహించేవారు కారు. వేగం పెంచి వినమని మా మనవరాలు ఒకసారి సలహా ఇచ్చింది. "చదివే అమ్మాయి ఊపిరి తీసుకునే చోటే నాకు కథ అర్థమయ్యేది. ఆ ఊపిరి నువ్వు మింగేస్తే ఎట్టాగమ్మా" అన్నారు.

ఈ ఏడు వేసవి చివర్లో ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆసుపత్రిలో పది రోజులుంచి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. వారం రోజులు, మహా అయితే ఎనిమిది అని డాక్టరు కూతురితో చెప్పారు. ఆమె నాతో చెప్పింది. ఆయనకు ఎవరమూ చెప్పలేదు.

అప్పటికి ఆయన ఒక పెద్ద పుస్తకం మధ్యలో ఉన్నారు. కొండరాజ్యంలో అక్కాతమ్ముళ్ళ కథ. తమ్ముడు శత్రువులకు కోట తలుపు తీశాడు. ఆ రాత్రి అక్క కొడుకు చచ్చిపోయాడు. తమ్ముణ్ణి తన చేత్తో చంపుతానని అక్క ఒట్టు పెట్టుకుంది. మొత్తం అరవై భాగాలు. పందొమ్మిది మిగిలాయి. "ఆ పిల్ల ఏం చేసుద్దో తెలుసుకోకుండా పోతానేమో టీచరమ్మగారూ" అన్నారు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే. ఆయన వేరే కోరిక ఏదీ చెప్పలేదు.

నేను లెక్క వేశాను. భాగానికి నలభై ఐదు నిమిషాలు. పందొమ్మిదికి పద్నాలుగుంపావు గంటలు. ఆయన మెలకువగా వినగలిగేది రోజుకు గంటన్నర. అంటే తొమ్మిదిన్నర రోజులు. ఉన్నవి ఎనిమిది. నాలుగు భాగాలు తీసేస్తే ఏడున్నర రోజుల్లో ముగింపు అందుతుంది. యాప్‌లో ప్రతి భాగం కింద రెండు వరుసల పరిచయం ఉంటుంది. అవి చదివి, నలభై నాలుగు నుంచి నలభై ఏడు దాకా యుద్ధం లేదు, మాయ లేదు, ఏమీ జరగదు అని తేల్చుకున్నాను. నలభై మూడు అయ్యాక ఆయన కునుకు తీస్తుంటే నలభై ఎనిమిది పెట్టి ఉంచాను.

లేచి, కొంచెం విని, "ఇది తరువాతదేనా అండీ?" అన్నారు.

"అవునండీ" అన్నాను.

లేనిది ఉన్నట్టు చెప్పడం గురించి ఆయనకు పాఠం చెప్పినదాన్ని నేనే.

ఎనిమిదో రోజు పొద్దున పుస్తకం అయిపోయింది. అక్క తమ్ముణ్ణి చంపలేదు. గిన్నెలో అన్నం పెట్టి ముందుకు జరిపింది. నేను సంతోషంగా నోటు పుస్తకం తెరిచాను. ఆయన వేళ్ళు తువ్వాలు మీద ఆగి ఉన్నాయి.

"సెకండ్సు" అన్నారు. "రాయండి. నిన్నటిదాకా పగబట్టిన పిల్ల ఇవాళ అన్నం ఎట్టా పెట్టింది? మనసు ఎక్కడ మారిందో చూపించలేదు. ఇంత పెద్ద గుడ్డ నేసి నడుమ నాలుగు వేళ్ళ జాగాలో పేక నూలు వెయ్యకుండా వదిలేశాడు. నేర్పుంది గానీ ఓపిక లేదు రాసినోడికి."

ఈ పుస్తకానికి రెండోసారి, మూడోసారి లేవని ఆయనకూ తెలిసినట్టుంది. రాశాను. చెప్పినరోజే ఎక్కించాలన్నది మా పద్ధతి. ఎక్కించాను కూడా. చెయ్యి ఎందుకు ఆగలేదని ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. చావుబతుకుల్లో ఉన్న మనిషికి నిజం చెప్పి బాధపెట్టడమెందుకని అప్పుడు అనుకున్నాను. అది సాకు. అసలు సంగతి, నాకు సిగ్గేసింది.

పదో రోజు ఆ అభిప్రాయం కింద ఎవరో రాశారు. "అయ్యా, మీ అభిప్రాయాలు చదివే నేను పుస్తకాలు ఎంచుకుంటాను. నలభై ఏడో భాగం మీరు విన్నారా?" కింద ఇంకొకరు, పెద్దాయన ఈసారి వినకుండానే రాసేసినట్టున్నారు అని నవ్వు బొమ్మ పెట్టారు. ఆరేళ్ళలో ఆయన్ని ఎవరూ ఆ మాట అనలేదు.

డాక్టరు చెప్పిన ఎనిమిది రోజులు దాటిపోయాయి. అన్నయ్యగారు ఇంకా ఉన్నారు. నా లెక్కలో కూడిక తప్పలేదు, తీసివేత తప్పలేదు. పందొమ్మిది భాగాలూ వినే సమయం ఆయనకు ఉండింది. నేనే లేకుండా చేశాను.

మంచం పక్కన కుర్చీ వేసుకుని మొత్తం చెప్పాను. ఎనిమిది రోజులన్న మాట కూడా దాచలేదు. కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పొద్దని చెయ్యి ఊపుతూనే ఉంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"స్టెప్పులు రాయకపోతే ఆన్సరు కరెక్టయినా మార్కులు కోసేవారంట కదా మీరు. మీ మనవరాలు చెప్పేది."

"అవునండీ."

"మరి నా దగ్గరకొచ్చేసరికి నాలుగు స్టెప్పులు ఎగ్గొట్టారే."

జీవితంలో నన్ను ఎవరైనా అలా నిలబెట్టి అడిగారా అంటే గుర్తు లేదు.

"నాన్నా, ఆంటీ నీ కోసమే" అంది కూతురు.

"నా కోసమేలేవే, ఎవరు కాదన్నారు. పాపం ఆ రాసినోడేం చేశాడు? పని చక్కగా చేసినోడి గుడ్డ మీద సెకండ్సని ముద్ర కొట్టా నేను. ఆ ముద్ర పడితే నేతగాడి ఇంట్లో ఆ పూట అన్నం ఎట్టా దిగుద్దో నాకు తెలుసు." ఆయాసం వచ్చి ఆగారు. "ముందు అది తీసేయండి టీచరమ్మగారూ. మళ్ళీ ఏం రాయాలో ఇప్పుడే అడగొద్దు. విన్నాకే. ఆ నాలుగూ పెట్టండి."

ఆయన ఎదుటే తీసేశాను. నోటు పుస్తకంలో అడ్డంగా గీత కొట్టి పక్కన తేదీ వేశాను. ఆ రోజు నలభై నాలుగు విన్నాం. పదకొండో రోజు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కూతురు కొట్టుకు సెలవు పెట్టి మాతో కూర్చుంది. ఆయన మాట్లాడే ఓపిక తగ్గిపోయింది. నలభై ఆరు అయ్యాక, "చెప్పా కదా, ఓపికున్నోడే" అన్నారు. ఆ మాట ఆయన చెప్పలేదు. దానికి విరుద్ధమైనదే చెప్పారు. అయినా నేను సరిదిద్దలేదు.

పన్నెండో రోజు శనివారం. తెల్లవారుజామున ప్రార్థన ముగించుకుని దిగేసరికి ఆయన మెలకువగానే ఉన్నారు. "నలభై ఏడు" అన్నారు. ఐదూ ముప్పై ఆరుకు పెట్టాను. కూతురు ఆయన పాదాల దగ్గర కూర్చుంది.

నేను ఏమీ జరగదని తీసేసిన భాగం అది. నిజంగానే ఏమీ జరగదు. వాన వెలిసింది. జబ్బుతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్న తమ్ముడు ఒక గుడిసెలో ఉన్నాడు. అక్క కత్తి పట్టుకుని వచ్చింది. వాడి బట్టలు నెత్తురు మరకలతో మూలన పడి ఉన్నాయి. ఆమె కాసేపు నిలబడి, కత్తి గూట్లో పెట్టి, ఆ బట్టలు తీసుకుని వాగుకు వెళ్ళింది. చదివే అమ్మాయి గొంతు అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పుడే కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని నా వైపు చూసింది. లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. గడియారం చూశాను. ఆరూ పది.

ఫోన్ ఆపబోయాను. "ఆపొద్దాంటీ" అంది ఆమె. "ఆ భాగం అయిపోనీయండి."

ఇంకా పదకొండు నిమిషాలుంది. ఆ పుస్తకానికి ఆయన చివరి మాట ఏమై ఉండేదో నాకు తెలియదు. ఆయన తరఫున చెప్పే హక్కు నాకు లేదు. ఆయన ఏ పుస్తకాన్నీ వినకుండా తూచలేదని మాత్రం చెప్పగలను. కథలో ఆ అక్క ఉతికిన బట్టలు ఒక్కొక్కటే పిండి తీగ మీద వేస్తోంది. మేమిద్దరం చెరో పక్కన కూర్చుని విన్నాం. ఆమె ఆఖరి చొక్కా వేసి, చేతులు రెండూ చాచి ముడతలు లేకుండా లాగి, నీళ్ళు కారుతున్న అంచు పట్టుకుని అలాగే నిలబడింది.