సంగటి తిప్పే గిన్నె

పుంగనూరులో తరిమెన పట్టే ఓబులప్పకు ఒక జబ్బు ఉండేది. గుండ్రటి కర్ర కంటబడితే చెయ్యి ఆగదు, నిమిరి చూడాల్సిందే. తరిమెనకు కర్ర బిగించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి నునుపు తేల్చడం ఇరవై ఏళ్లుగా అతని పని. ఇతరుల పనితనాన్నీ వేళ్లతోనే కొలిచేవాడు. ఒకసారి మదనపల్లెలో పెళ్లికి వెళ్లి, మంచం పక్కన చాప మీద కూర్చుని, ఎవరితోనో మాటల్లో పడి మంచం కోడును నిమరసాగాడు. "పనోడు మంచోడే, యాడా గీత ల్యా" అని మెచ్చుకున్నాడు కూడా. అది కోడు కాదు, మంచం మీద కూర్చున్న పెళ్లికొడుకు అవ్వగారి పిక్క. "ఎవురప్పా నువ్వు?" అని ఆమె అడిగేదాకా అతనికి తెలియలేదు. ఆ పూట ఓబులప్ప పాయసం దాకా ఆగలేదు.

పంతొమ్మిది వందల తొంభై అయిదు వచ్చేసరికి ఆ నిమరడానికి కూడా మంచం కోళ్లు కరువయ్యాయి. ఊళ్లోకి ఇనుప మంచాలు వచ్చాయి. కవ్వాల పని మిక్సీలు లాక్కున్నాయి. బొంగరాలు కూడా ప్లాస్టిక్‌వే. ఓబులప్ప భార్య రెడ్డెమ్మ ఎవరినీ తిట్టకుండా, బస్టాండు వెనక రేకుల కొట్టంలో సంగటి అంగడి పెట్టింది. రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, ఏదో ఒక ఆకుకూర. ఆర్నెల్లకే డ్రైవర్లూ కండక్టర్లూ ఆమె సంగటి కోసం బస్సును అయిదు నిమిషాలు ఆలస్యం చేసే స్థితికి వచ్చారు.

సంగటి ముద్ద చేసే పద్ధతి ఆ వైపు అందరికీ తెలిసిందే. గిన్నెను నీళ్లతో తడిపి, పొగలు కక్కే సంగటి ఒక గరిటెడు అందులో వేసి, గిన్నెను చేత్తో గిరగిరా తిప్పితే ముద్ద దానంతట అదే గుండ్రంగా తేలుతుంది. రెడ్డెమ్మది స్టీలు గిన్నె. వేడంతా అరచేతిలోకి దిగేది. గుడ్డ పెట్టుకుంటే గిన్నె సరిగా తిరగదు. పూటకు నూరు ముద్దలు తిప్పేసరికి చెయ్యి ఎర్రగా కందిపోయేది.

ఒక సాయంత్రం ఆమె చేతికి కొబ్బరినూనె రాసుకుంటుంటే ఓబులప్ప చూశాడు.

"చెక్కగిన్నె చేసిస్తా. చెయ్యి కాలదు" అన్నాడు.

"నువ్వు చేసిన గిన్నెలు సూడలేదా ఏమి? ఒగదాంట్లో కోడి నీళ్లు తాగతాండాది, ఒగదాంట్లో సున్నం ఉండాది" అంది రెడ్డెమ్మ.

అబద్ధం కాదు. పనిలేని రోజుల్లో వెలగకొమ్మ, సీమచింత మొద్దు, ఏది దొరికితే అది గిన్నెలుగా తిప్పి ఇంటికి తెచ్చేవాడు. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. నీళ్లు తగిలితే పగిలేవి. రెడ్డెమ్మ వాటిని పారెయ్యలేదు గానీ, ఒక్కదాన్నీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఊరంతా తను తిప్పిన మంచం కోళ్ల మీద పడుకుని నిద్రపోయింది, తన ఇంటి వంటలో మాత్రం తన చేతి వస్తువు ఒక్కటీ లేదు. ఓబులప్పకు ఇన్నాళ్లూ తట్టని ఈ మాట ఆ సాయంత్రం గట్టిగా తగిలింది. ఎలాగైనా ఒక్క గిన్నె ఆమె చేతిలో నిలబడాలి.

పట్టుబట్టి రేగుమొద్దు ఒకటి సంపాదించాడు. ఎర్రటి చేవ, ఇనుమంత గట్టి. నాలుగు రోజులు కూర్చుని గిన్నె తిప్పాడు. చివర్లో, తిరుగుతున్న గిన్నెకు ఎర్ర లక్కపుల్ల ఒత్తిపట్టి లోపలా బయటా మెరుపు పెట్టాడు. ఇరవై ఏళ్లుగా ప్రతి కోడుకూ, ప్రతి ఉయ్యాల గుబ్బకూ చివర్లో అదే చేశాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది, తలను అడగలేదు. మంచం కోడు ఎప్పుడూ పొయ్యి మీద కూర్చోదు కదా, వేడికి లక్క ఏమవుతుందో ఆలోచించే అవసరం అతనికి ఏనాడూ రాలేదు.

సంతరోజు మధ్యాహ్నం, అంగడి నిండా జనం ఉన్నప్పుడు, పెళ్లికూతురిని తెచ్చినట్టు గిన్నెను గుడ్డలో చుట్టి తెచ్చాడు. అందరూ చూస్తుండగా రెడ్డెమ్మ కాదనలేకపోయింది. గిన్నె తడిపింది, సంగటి వేసింది, తిప్పింది. ముద్ద కుప్పం బస్సు కండక్టరు వరదరాజులు పళ్లెంలో పడింది.

వరదరాజులు ముద్దను అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

"అక్కా, సంగటికి పూతెయ్యడం ఎప్పట్నుంచి?"

ముద్ద చుట్టూ గులాబీ రంగు మెరుస్తోంది. తుంచబోతే వేలితో పాటు తీగలా సాగింది.

"మంచం కోడు తినిపిస్తాండావా ఓబులప్పన్నా?" అన్నాడు వరదరాజులు. అంగడి మొత్తం పగలబడి నవ్వింది. రెడ్డెమ్మ నవ్వలేదు. గిన్నెను పక్కన పెట్టి, స్టీలు గిన్నెను టంగుమని అందుకుంది. ఓబులప్పకు ఆ నవ్వులకన్నా ఆ టంగుమన్న చప్పుడే ఎక్కువ గుచ్చుకుంది.

నెల రోజులు బస్టాండు వైపు వెళ్లలేదు. వెళ్తే చాలు, "లక్క సంగటి ఉండాదా అన్నా?" అని ఎవరో ఒకరు తగులుకునేవారు.

తరువాతి ఎండాకాలంలో చౌడేపల్లె దగ్గర మునిచంద్ర అనే రైతు ఎండిపోయిన పాతబావిని పూడుస్తూ, అడుగున మట్టి జారకుండా తాతల నాడు వేసిన కొయ్యచట్రాన్ని పైకి లాగాడు. కబురు తెలిసి ఓబులప్ప సైకిలెక్కాడు. బొగ్గులా నల్లగా ఉన్న దిమ్మలు.

"పొయ్యిలోకీ పనికిరాదప్పా, మండదు. యాల నీకు?" అన్నాడు మునిచంద్ర.

ఓబులప్ప ఉలితో చిన్న పేడు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. చేదు లేదు, వాసన లేదు. నేరేడు. అరవై ఏళ్లు నీళ్లలో ఉండి కుళ్లని కొయ్యకు రెడ్డెమ్మ చేతి నీళ్లొక లెక్కా?

ఈసారి తొందరపడలేదు. దిమ్మకు తడి గోనె చుట్టి, రోజుకింత ఆరనిస్తూ, కొట్టం మూల నీడలో ఎనిమిది నెలలు ఉంచాడు. తిప్పేటప్పుడు లక్కపుల్లను అటక మీద పెట్టి నిచ్చెన తీసేశాడు, చేతిని నమ్మలేక. నల్లటి గిన్నె, లోపల ఊదారంగు చారలు. ఏ మెరుపూ లేదు. ఎవరికీ చూపకుండా అంగడిలో స్టీలు గిన్నె పక్కన పెట్టి వచ్చేశాడు.

గిన్నె సంగతి రెడ్డెమ్మ దగ్గర ఎత్తలేదు. వాడుతోందో లేదో చూద్దామని వెళ్లడానికి ధైర్యం చాలలేదు. అలా ఇరవై రోజులు.

అప్పుడు కుప్పం నుంచి అతని చెల్లెలు సిద్ధమ్మ వచ్చింది. మూడు రోజులు వదినతో పాటు అంగడిలో పనిచేసింది. ఆడబిడ్డ ఏది అడిగినా రెడ్డెమ్మ కాదనేది కాదు. కిందటిసారి తన ఒంటి మీది చీర తప్ప అన్నీ ఆమె సంచిలో పెట్టి పంపింది. బయలుదేరే రోజు పొద్దున ఓబులప్ప పెరట్లో తడిక చాటున తలకు సీకాయ రుద్దుకుంటున్నాడు. గోడ అవతల మాటలు వినబడ్డాయి.

"వదినా, అంగట్లోంచి తెచ్చిన ఈ నల్లగిన్నె నేను ఎత్తకపోతా."

"స్టీలు గిన్నె ఎత్తకపో. కోడిపెట్టను పట్టకపో. సంచి కింద పెట్టు సిద్ధమ్మా, అది మాత్రం ఇచ్చేది ల్యా."

"మాయన్న చేసిందే గదా! నీకు ఇంగోటి చేసిస్తాడులే."

"ఆ ఇంగోటి నువ్వే తీసుకో. ఇది నా చేతికి కుదిరింది. మీయన్న వచ్చి అడిగినా ఇయ్యను."

ఓబులప్పకు తలలో సీకాయ గుర్తులేదు, ఒంటి మీద తుండు మాత్రమే ఉన్న సంగతీ గుర్తులేదు. కళ్లు మూసుకుని, చేతులు చాచి తడిక దాటి వచ్చేశాడు.

"సిద్ధమ్మా, నువ్వుండు! నీకు ఈపొద్దే చేసిస్తా! ఆమెను సతాయించబాక!"

సిద్ధమ్మను బస్సుకు పిలవడానికి వచ్చిన వరదరాజులు వాకిట్లోనే నిలబడిపోయాడు. "అన్నా, ముందు తుండు గట్టిగా కట్టుకో" అన్నాడు. సిద్ధమ్మ సంచి కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వుతూ, "నువ్వు పోప్పా, నేను సాయంత్రం బస్సుకొస్తా" అంది.

ఓబులప్ప అప్పటికే కొట్టంలో ఉన్నాడు. తడుముకుంటూనే మిగిలిన నేరేడు దిమ్మను తరిమెనకు బిగిస్తున్నాడు. వెనకాల నీళ్ల చెంబు చప్పుడయింది.

"తల వంచప్పా, కండ్లు పోతాయి" అంది రెడ్డెమ్మ.

అతడు ఉలి వదలకుండానే తల వంచాడు.