అత్తయ్య వండిన రొయ్యపొట్టు

తొలకరి వాన వెలిసిన మధ్యాహ్నం మా అమ్మ పాత దుప్పటి చంకన పెట్టుకుని చేనుగట్టు మీది చెదపుట్ట వైపు బయల్దేరిందంటే, ఆ రోజు చిరుతిండేమిటని మా ఇంట్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు. పుట్ట మీద దుప్పటి కప్పి, ఒక పక్క మాత్రం దారి వదిలి, అక్కడ గుంట తీసి కుండ పెట్టేది. రెక్కలొచ్చి బయటికి ఎగబడే ఉసిళ్లు వరసగా ఆ కుండలో పడేవి. పెనం మీద వేయిస్తే నూనె అక్కర్లేదు, వాటి కొవ్వుకే చిటపటలాడేవి. తర్వాత అరచేతులతో నలిపి చేటలో చెరిగితే రెక్కలన్నీ ఎగిరిపోయేవి. ఉప్పూ కారం చల్లి పేలాలతో కలిపి తలా ఒక పిడికెడు పెట్టేది. అంతకుమించి ఎంత బతిమాలినా పెట్టేది కాదు.

"అరగదు బిడ్డ, కడుపు ఉబ్బుతది" అనేది. మా బావ ఒకసారి ఆ మాట పెడచెవిన పెట్టి గిన్నెడు లాగించాడు. మర్నాడంతా చెంబు పట్టుకుని చేను వైపే తిరిగాడు. ఇప్పటికీ ఉసిళ్ల మాటెత్తితే అతను లేచి వెళ్లిపోతాడు, మేం నవ్వుతాం.

తొంభైల చివర్లో నా పెళ్లయింది. మా ఆయనా నేనూ బాన్సువాడలో ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. ఆయన సొంతూరు దగ్గర్లోని వర్ని. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. మా అత్తయ్యకు ఏటా పుట్టింటి నుంచి రొయ్యపొట్టు వచ్చేది. చిన్న రొయ్యల్ని ఎండబెట్టి, నలిపి, తలలూ కాళ్లూ చెరిగేసిన సరుకది. అది లేని వంకాయ కూర ఆవిడ దృష్టిలో కూరే కాదు.

ఉసిళ్ల సంగతి విని మొదటిసారి ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

"పురుగుల్ని తింటారా అమ్మాయ్?"

"మీ రొయ్యకు ఎన్ని కాళ్లున్నాయో ఎప్పుడైనా చూశారా అత్తయ్యా?" అన్నాను. నోరు ఊరుకోదు నాకు.

"అది నీళ్లలో పుడుతుంది."

"ఇది వానకు పుడుతుంది."

ఆవిడకు నవ్వొచ్చింది గానీ ఒప్పుకోలేదు. ఆ పురుగులు తన వంటింటి గడప తొక్కకూడదని మాత్రం గట్టిగా చెప్పింది.

పెళ్లయిన మరుసటి ఏడే నాకు నెల తప్పింది. సంతోషం వారం కూడా నిలవలేదు. మటన్ పులుసు వాసనకే వాంతి. ఉడికిన గుడ్డు చూస్తే వాంతి. పప్పన్నం గొంతు దిగేది, మళ్లీ పైకొచ్చేది. నాలుగో నెలకు నా గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. దవాఖానలో డాక్టరమ్మ బరువు చూసి మొహం ముడుచుకుంది.

"రక్తం తక్కువున్నది, బరువు దిగుతున్నవ్. వచ్చే నెలకు గిట్లనే ఉంటే నిజామాబాద్‌ల అడ్మిట్ కావాల్సొస్తది. మటనా, గుడ్డా, పప్పా, ఏదన్న తిను. కానీ లోపల నిలవాలె."

నాకు చాలా భయమేసింది. తొలిచూలు. లోపల ఉన్నదానికి నేను ఏమీ ఇవ్వలేకపోతున్నానని రోజూ ఏడ్చేదాన్ని. అత్తయ్య వర్ని నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చేసింది. వచ్చిన రోజే తన వనస్పతి డబ్బా మూత తీసింది. రొయ్యపొట్టు వాసన తగిలిందో లేదో నేను పెరట్లోకి పరుగెత్తాను. ఆవిడ డబ్బా మూసి అల్మారాలో పెట్టేసింది. ఆ పూట ఆవిడా అన్నం తినలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం, అత్తయ్య కూరగాయలకు వెళ్లిన వేళ, అమ్మ వచ్చింది. చేతిలో సరిగ్గా అలాంటి వనస్పతి డబ్బానే.

"ఉసిళ్లు తెచ్చిన బిడ్డ. అల్మారాల పెడుతున్న. మీ అత్తకు రేపు నేనే వచ్చి నచ్చజెప్త, అప్పటిదాకా ఊకో" అని బస్సుకు వేళవుతోందని వెళ్లిపోయింది. నేను నీరసంతో అట్లాగే నిద్రపోయాను.

లేచేసరికి వంకాయ కూర వాసన. కడుపులో ఏమీ తిప్పలేదు. నాకే ఆశ్చర్యమేసింది. అత్తయ్య కళ్లజోడు లేకుండానే వంట చేసే మనిషి. నా ముందు పళ్లెం పెట్టి, తనూ పెట్టుకుని కూర్చుంది.

"వేణ్నీళ్లలో బాగా కడిగేశానమ్మా. ఈసారి నీచు వాసనే లేదు. మా తమ్ముడు ఎంత బాగా ఎండబెట్టాడో చూడు" అంటూ అప్పటికే సగం తినేసింది.

మొదటి ముద్దకే నా నాలుక గుర్తుపట్టేసింది. చిన్నప్పటి కమ్మదనం అది. నవ్వు ఆపుకుంటూ రెండో ముద్ద, మూడో ముద్ద తిన్నాను. మారు వడ్డించుకున్నాను. అత్తయ్య నాకు వాంతవుతుందేమోనని ఎడమచేత్తో ఖాళీ తపేలా దగ్గర పెట్టుకుని నా మొహమే చూస్తోంది. పళ్లెం ఖాళీ అయింది. ఏదీ పైకి రాలేదు.

"అత్తయ్యా, ఇవి రొయ్యలు కావు. మా అమ్మ తెచ్చిన ఉసిళ్లు."

ఆవిడ లేచి వెళ్లి కళ్లజోడు పెట్టుకుంది. డబ్బా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. నేను చీవాట్లకు సిద్ధపడ్డాను.

"కడుపులో ఏమన్నా తిప్పుతోందా?" అంది.

"లేదు."

"కొంచెం కూడా?"

"లేదత్తయ్యా."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. వచ్చి కూర్చుని, తన పళ్లెంలో మిగిలింది కూడా తినేసింది.

మరుసటి నెల దవాఖానకు అమ్మా అత్తయ్యా ఇద్దరూ వెంట వచ్చారు. బరువు పెరిగింది. ఏం తిన్నావని డాక్టరమ్మ అడిగితే చెప్పాను. ఆమె గట్టిగా నవ్వింది.

"మటన్ లెక్కనే ఉసిళ్లల్ల గుడ బలమున్నది. కొవ్వెక్కువ. కానీ పైపెంకు సరిగ్గ అరగదు, రొయ్యపెంకు అసొంటిదే. అందుకే జరంత తిను, మంచిగ నమిలి తిను. గుడ్డు, మటన్ ఇంకా సులువుగ ఒంటవడతయి. ఇప్పుడు తిప్పుడు తగ్గింది గద, గవి గుడ మెల్లగ షురూ చెయ్యి."

"రొయ్యపెంకు లాంటిదేనా డాక్టరమ్మా?" అని అత్తయ్య మళ్లీ అడిగి మరీ చెప్పించుకుంది. నా నోరు ఆపుకోవడం ఎంత కష్టమైందో నాకే తెలుసు.

బయటికొచ్చాక అత్తయ్య అమ్మ చేయి పట్టుకుంది. "వదినా, ఆ పుట్ట ఎక్కడుందో ఈసారి నాకూ చూపించు."

"వానవడంగనే కబురువెడత వదినె. దుప్పటి మాత్రం నువ్వే తెచ్చుకో" అంది అమ్మ.

మరుసటి తొలకరికి ఇద్దరూ ఒకే దుప్పటి చెరో కొస పట్టుకుని పుట్ట దగ్గర వాదులాడుకుంటున్నారు. కుండ ఎటు పెట్టాలన్నది గొడవ. నేను గట్టు మీద కూర్చుని పాపను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటున్నాను. చెయ్యి లాగేస్తోంది, అంత బరువుంది మా పాప.